కారంపూడి వీరుల గుడి గెలిచినోళ్లది కాదు

కార్తీక అమావాస్య దగ్గరకొస్తోందంటే చాలు మా పల్నాడు రోడ్ల మీద ఫ్లెక్సీలు మొదలైపోతాయి. కత్తులు, మీసాలు, పక్కన సింహం తల, కింద లోకల్ లీడర్ల ఫొటోలు, పైన పెద్దక్షరాల్లో పల్నాటి పౌరుషం అని. సినిమాల్లో కూడా అంతే, పల్నాడంటే తొడకొట్టేవాడు ఒకడు, వాడి వెనక సుమోలు. నాకు ఇవి చూసినప్పుడల్లా నిజంగా మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే అప్పుడు కారంపూడిలో జరిగే వీరుల తిరునాళ్ల ఎవరి కోసమో వాళ్లెవరూ గెలవలేదు. అందరూ చచ్చిపోయారు. కారంపూడిలో ఉన్నది చచ్చిపోయినోళ్ల గుడి, మనం దాన్ని తలచుకోవాల్సింది ఆ లెక్కలోనే అని నా గట్టి నమ్మకం, ఈ పోస్టు అంతా అదే చెప్పుకుంటూ పోతాను కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మాది పల్నాడే, అమ్మమ్మగారి ఊరు కారంపూడికి దగ్గర్లోనే. ఇప్పుడు ఉద్యోగం వల్ల హైదరాబాద్‌లో ఉంటున్నా గానీ కార్తీకం వస్తే అటే లాగుద్ది.

తెలియనివాళ్ల కోసం ముందు ఊరి సంగతి. కారంపూడి ఇప్పుడు పల్నాడు జిల్లాలో మండల కేంద్రం, 2022కి ముందు గుంటూరు జిల్లాలో ఉండేది. పెద్ద ఊరేం కాదు. పక్కనే నాగులేరు, అది పోయి కృష్ణలో కలుస్తుంది. ఆ నాగులేటి ఒడ్డునే దాదాపు 1182 ప్రాంతంలో పల్నాటి యుద్ధం జరిగింది. గురజాలలో రాజు నలగాముడు, ఆయన మంత్రి నాయకురాలు నాగమ్మ. మాచర్లలో ఆయన తమ్ముడే, అంటే సవతి తల్లి కొడుకు మలిదేవుడు, ఆయన వెనక మంత్రి బ్రహ్మనాయుడు. ఒకే తండ్రి బిడ్డలు అన్నమాట. ఒకే ఇంట్లోవాళ్లు రెండు ముక్కలై, వాళ్లతోపాటు చుట్టుపక్కల రాజ్యాల సైన్యాలు కూడా వచ్చి చేరి, చివరికి ఈ ఊరి పక్కన పొలాల్లో పడి చచ్చారు. ఆ పడిపోయినవాళ్లలో 66 మంది వీరనాయకుల పేరు మీద లింగాలు పెట్టి కట్టిందే వీరుల గుడి. ఎనిమిది వందల ఏళ్లు దాటిపోయినా ఆ ఊరు ఆ చావుల్ని మర్చిపోలేదు, ప్రతి ఏడూ ఐదు రోజులు పనులన్నీ పక్కనపెట్టి తలచుకుంటది.

కథ మీ అందరికీ ఎంతోకొంత తెలిసే ఉంటది. కోడిపందెంలో బ్రహ్మనాయుడి కోడి ఓడిపోయింది, పందెం ప్రకారం మలిదేవుడి వాళ్లు ఏడేళ్లు మాచర్ల వదిలిపెట్టి అడవుల పాలయ్యారు. ఏడేళ్లు అయినాక మా భాగం మాకివ్వండి అని అడగడానికి అలరాజుని రాయబారం పంపారు. ఈ అలరాజు ఎవరనుకున్నారు, నలగామరాజుకి సొంత అల్లుడు. అల్లుడే గదా, ఏం కాదులే అని పంపుంటారు. తిరిగి రాలేదు, విషం పెట్టి చంపారు. ఆయన భార్య పేరమ్మ, అంటే నలగాముడి కూతురే, సహగమనం చేసింది. అక్కడితో ఇంక ఎవరు ఆపినా ఆగే పరిస్థితి లేకుండా పోయింది.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఒక్కటే అనిపిస్తుంది, ఇది ఎన్నిచోట్ల ఆగాల్సిందో! పందెం దగ్గర ఆగొచ్చు. ఏడేళ్లు అయినాక మాట ప్రకారం మాచర్ల ఇచ్చేసుంటే ఆగిపోయేది. రాయబారిని చంపకుండా పంపించేసినా ఆగేదేమో. బ్రహ్మనాయుడు చివరిదాకా సంధి కోసమే చూశాడని కథలో చెప్తారు. అయినా ఆగలా. ఎందుకు ఆగలేదో అర్థం చేసుకోడానికి చరిత్ర చదవక్కర్లా, మా వైపు ఏ ఊళ్లో అయినా నాలుగు రోజులుంటే తెలిసిపోతుంది. గట్టు దగ్గర మొదలైన గొడవ మూడు తరాలు నడిచిన ఇళ్లు నాకు తెలుసు, ఆ ఇళ్లల్లో ఆడవాళ్ల మొహాలు కూడా తెలుసు.

సరే, గుడి దగ్గరికొద్దాం.

వీరుల గుడి అంటే పెద్ద గోపురం, ప్రాకారం ఊహించుకుని వెళ్తే మీకు అక్కడ కనిపించేది వేరే. చిన్న చిన్న రాళ్లు, లింగాల్లాగా, వరసలుగా. నూనె, పసుపు, కుంకుమ పడీ పడీ నున్నగా అయిపోయి ఉంటాయి. దగ్గరగా కూర్చుని చూస్తే పసుపు మీద పసుపు, పొరలు పొరలుగా కట్టి, ఒక్కోచోట ఊడిపోయి కింద నల్లరాయి కనబడుతుంది. తిరునాళ్ల రోజుల్లో తప్ప మామూలు రోజు వెళ్తే జనం పెద్దగా ఉండరు, ప్రశాంతంగా చూడొచ్చు. ఒకసారి అలాగే మామూలు రోజు వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ వచ్చి, ఒక రాయి ముందు కూర్చుని, కొంగుతో దాన్ని తుడిచి, తెచ్చుకున్న చేమంతి పూలు పెట్టి, కాసేపు ఏదో మాట్లాడుకుని వెళ్లిపోయింది. నేను ఉండబట్టలేక అడిగాను, ఎవరిది అమ్మా అది అని. "మా ఇంటి దేవుడయ్యా, మా అత్త చూపిచ్చింది, మా అత్తకి వాళ్లత్త చూపిచ్చింది" అంది. అంతే చెప్పింది. అత్త చేతి నుంచి కోడలి చేతికి ఒక రాయి గుర్తు. రికార్డు ఆఫీసులో ఇంత భద్రంగా ఉంటుందా ఏ కాగితమైనా?

ఇంకో సంగతి. ఏ రాయి ఏ కులంవాడిదో చూసి మీరు చెప్పలేరు. ఇది చిన్న విషయం కాదండీ. బ్రహ్మనాయుడి పక్షాన నిలబడ్డవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. మాల కన్నమదాసుని ఆయన కొడుకులా చూసుకుని సేనాధిపతిని చేశాడు, భైరవ ఖడ్గం కన్నమదాసు చేతిలోదే. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడికి అన్నదమ్ముల్లాగ పెరిగిన కుర్రాళ్లలో బ్రాహ్మణుడు ఉన్నాడు, చాకలి ఉన్నాడు, మంగలి, కుమ్మరి, కంసాలి, అందరూ ఉన్నారు. అందరూ కలిసి తిన్నారు, కలిసి చచ్చారు, ఇప్పుడు ఒకే కప్పు కింద ఉన్నారు. పన్నెండో శతాబ్దం సంగతి ఇది. కథ అంతా అక్షరం అక్షరం జరిగిందని నేననను, జనం నోట్లో పెరిగి ఉంటుంది. కానీ ఎనిమిది వందల ఏళ్లు జనం దీన్ని ఇలాగే చెప్పుకోవాలని పట్టుబట్టారు చూడండి, దానికి నేను చేతులెత్తి దండం పెడతాను.

ఇక తిరునాళ్ల. కార్తీక అమావాస్య నాడు మొదలవుతుంది. మొదటి రోజు రాచగావు, తర్వాత రాయబారం, మందపోరు, కోడిపోరు, ఆఖరి రోజు కళ్లిపాడు. కథ తెలిసినవాళ్లకి వెంటనే ఒక డౌట్ వస్తుంది, కోడిపందెం ముందు జరిగింది కదా, రాయబారం ఎప్పుడో ఏడేళ్ల తర్వాత కదా, మరి తిరునాళ్లలో కోడిపోరు నాలుగో రోజుకి ఎందుకు పోయింది అని. నేనూ అక్కడ చాలామందిని అడిగాను, "మొదట్నుంచీ అంతే" అనేదే జవాబు. నాకు మాత్రం ఇలా అనిపిస్తుంది. కళ్లిపాడు ముందురోజు, అంటే రేపు అందరూ పడిపోతారనగా, ఈ మొత్తం దేనికోసం మొదలైందో ఒకసారి చూసుకోమని కోడిని తెచ్చి మన కళ్లముందు పెడుతున్నట్టు ఉంటుంది. ఇది నా ఊహే, శాస్త్రం కాదు. కానీ ఆ రోజు అక్కడ నిలబడి చూస్తే గుండె బరువెక్కిపోద్ది.

తిరునాళ్లకి జనం ఊరికే చేతులూపుకుంటూ రారు. వీరాచారం, అంటే ఈ వీరుల్నే ఇంటి దేవుళ్లుగా కొలిచే ఆచారం పాటించే కుటుంబాలు తమ తమ ఇళ్లల్లో దాచుకున్న ఆయుధాలు తీసుకుని వస్తారు, వాటిని కొణతాలు అంటారు, దైవాలు అని కూడా అంటారు. గుంటూరు, ప్రకాశం వైపు నుంచీ వస్తారు, తెలంగాణ నుంచీ వస్తారు. ఒక ఏడు నేను పిడుగురాళ్లలో బస్సెక్కితే ముందు సీట్లో ఒక కుటుంబం, తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒళ్లో కొత్త పంచెలో చుట్టిన పొడుగాటి మూట. మొదట్లో అర్థం కాలేదు. కండక్టర్ టికెట్ కొట్టడానికొచ్చి మూట చూసి ఏమీ అడగలేదు, రెండు వేళ్లు మూటకి తాకించి కళ్లకద్దుకుని పక్క సీటుకి వెళ్లిపోయాడు. అప్పుడు అర్థమైంది. ఆ చిన్నకొడుక్కి పన్నెండు పదమూడేళ్లు ఉంటాయేమో, దారి పొడుగునా మూట కింద ఆనకుండా చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు, గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా రెండో చెయ్యి కూడా వేసేవాడు. బస్సు దిగాక ఆ తండ్రిని పలకరించాను. "ఎవరి తాలూకయ్యా నువ్వు" అని ముందు నా సంగతంతా కనుక్కున్నాడు, మా అమ్మమ్మగారి ఊరు చెప్పాక ఇంక సొంత మనిషిలాగే మాట్లాడాడు. వాళ్ల తాత తీసుకొచ్చేవాడంట, తర్వాత వాళ్ల నాయన, ఇప్పుడు ఈయన. "ఏడాదంతా ఇంట్లో ఉంటది బాబూ, ఈ ఐదు రోజులు మాత్రం దాన్ని దాని మనుషుల దగ్గరికి తీసకపోవాల" అన్నాడు.

దాని మనుషులు అంటే ఆ 66 రాళ్లు.

తెచ్చిన ఆయుధాలకి నాగులేట్లో గంగధారి మడుగు దగ్గర స్నానం చేయిస్తారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండలు చుట్టి, మొనకి నిమ్మకాయ గుచ్చి, అక్కడ్నుంచి గుడికి ఊరేగింపుగా తీసుకెళ్తారు. పంబలు మోగుతుంటాయి. పీఠాధిపతి ఉంటారు, పీఠం వంశపారంపర్యం. ఆచారవంతులు కత్తిసేవ చేస్తారు, వీరగాథ పాడుతుంటే కత్తి గుండెలకేసి కొట్టుకుంటూ, ఏడ్చుకుంటూ. బయటివాళ్లు ఫోన్‌లో వీడియో తీసి, ఇదేదో ఆవేశం అనుకుని, కింద డీజే పాట పెట్టి రీల్ చేస్తారు. కాసేపు ఆ మనిషి మొహం చూస్తే తెలుస్తుంది అది ఆవేశం కాదని. మన ఇళ్లల్లో మనిషి పోతే ఆడవాళ్లు గుండెలు బాదుకోరూ, అదే అది. ఎనిమిది వందల ఏళ్ల కిందట పోయిన మనిషి కోసం మగవాళ్లు నలుగురిలో నిలబడి ఏడవగలిగే చోటు ఇంకెక్కడైనా ఉందేమో చెప్పండి.

మందపోరు రోజు నాకు అన్నిటికంటే ఇష్టం. ఆవుల మందల మీద పడి దాడి చేస్తే కాపాడబోయి లంకన్న చచ్చిపోయిన ఘట్టం అది. రాజూ కాదు, రాజకుమారుడూ కాదు, మంద కాసే మనిషి. ఆయన కోసం ఒక పూర్తి రోజు. అదే రోజు చాపకూడు కూడా.

చాపకూడు గురించి స్కూల్లో ఒక లైను చదివి ఉంటాం, బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లని ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడు అని. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. కానీ దాన్ని కళ్లారా చూడటం వేరు. పెద్ద పెద్ద గుండిగల్లో వండుతారు, చాపల మీద అన్నం కుప్ప పోస్తారు, ఆవిర్లు వస్తుంటాయి, జనం పక్కపక్కనే కూర్చుని చేయి చాస్తారు. నీ ఇంటిపేరేంది, మీరేవుట్లు అని అక్కడ ఎవడూ అడగడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన నా ఆకులో కూర తక్కువైందని తన దాంట్లోంచి తీసి వేశాడు, అంత మామూలుగా. ఆ మామూలుతనం చూసి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎందుకంటే మా ఊళ్లల్లో మిగతా 364 రోజులు పరిస్థితి ఎలా ఉంటదో నాకు తెలుసు. హోటల్ గ్లాసుల సంగతి, పెళ్లి పంక్తుల సంగతి మా అమ్మమ్మ తరం వాళ్లు చెప్తే విన్నాను, కొన్ని నేనే చూశాను. ఏడాదిలో ఒక్కరోజు ఒకే చాప మీద తిన్నంత మాత్రాన ఏం మారిపోయింది అని అడిగే ఫ్రెండ్స్ ఉన్నారు నాకు. వాళ్ల కోపం న్యాయమే. నేననేది, ఆ ఒక్కరోజు ఉండబట్టే మిగతా రోజుల్ని ఎత్తిచూపడానికి మనకి ఒక ఆధారం ఉంది. మీ వీరుల పేరు మీదే అడుగుతున్నాం, మరి రేపు సంగతేంది అని అడగొచ్చు. ఫ్లెక్సీలో చాపకూడు ఫొటో వేసినవాడిని మనం ఒక్కసారైనా చూశామా? కత్తి వేస్తారు, కోడి వేస్తారు.

రాత్రిళ్లు కథ. వీరవిద్యావంతులు పాడతారు. వీళ్లు ఎక్కువగా మాల కులంవాళ్లే, తరతరాలుగా ఈ కథ నోటికి పెట్టుకుని వస్తున్నవాళ్లు. చేతిలో కత్తి, పక్కన పంబలు, తాళాలు, వెనక వంతపాట. శ్రీనాథుడు ద్విపదలో రాసిన పల్నాటి వీరచరిత్ర అచ్చులో దొరుకుతుంది, అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో వేయించారు. కానీ పల్నాట్లో జనానికి కథ వచ్చింది పుస్తకంలోంచి కాదు, వీళ్ల గొంతులోంచి. 

బాలచంద్రుడి ఘట్టం వస్తే చిన్నపిల్లలు కూడా నిద్రపోరు. బ్రహ్మనాయుడు కొడుకుని యుద్ధానికి రావద్దని ఇంటి దగ్గరే ఉంచేశాడు. వాడు ఫ్రెండ్స్‌తో బొంగరాలాడుకుంటున్నాడు. బొంగరం ఎగిరి వెళ్లి ఒక కోమటి పిల్ల కాలికి తగిలి గాయమైంది. ఆ పిల్ల కోపంలో, మీవాళ్లందరూ కారంపూడిలో చావుకి సిద్ధమై కూర్చుంటే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అనేసింది. అంతే. ఆ మాట పట్టుకుని బయల్దేరాడు. తల్లి ఐతాంబ ఆపింది, భార్య మాంచాల దగ్గరికి వెళ్లాడు, చివరికి వెళ్లనే వెళ్లాడు. పాడేటప్పుడు మగవాళ్లు బాలచంద్రుడి మాటలకి ఈలలు వేస్తారు. ఆడవాళ్లు మాత్రం ఐతాంబ దగ్గరే ఆగిపోతారు. మా అమ్మమ్మ ఎప్పుడూ ఒకటే అనేది, "ఆ పిల్లోడికి మీసాలు గూడా సరిగ్గా రాలేదు, ఎవురన్నా రెండు కొట్టి ఇంట్లో పడుకోబెట్టాల్సింది" అని. ఏ ఏడు విన్నా అదే మాట, అదే కోపం, ఆ కుర్రాడు పక్కింటి పిల్లోడే అయినట్టు.

అనపోతు సంగతి ఇంకా ఘోరం. బాలచంద్రుడి తమ్ముళ్లలో అనపోతు బ్రాహ్మణ పిల్లోడు. వీడు యుద్ధానికొచ్చి చావకూడదని బాలచంద్రుడు ఏదో వంక పెట్టి వెనక్కి ఇంటికి పంపించేసి, ఈలోపు మిగతావాళ్లని తీసుకుని ముందుకెళ్లిపోయాడు. మళ్లీ వెంట రావద్దని ఒట్టు పెట్టి జాబు వదిలాడు. తిరిగొచ్చిన అనపోతుకి విషయం అర్థమైంది. ముందుకెళ్తే అన్న పెట్టిన ఒట్టు తప్పాలి, వెనక్కెళ్తే ప్రాణాలు మిగుల్తాయి గానీ బతకలేడు. అక్కడే ప్రాణం తీసుకున్నాడు. యుద్ధభూమికి చేరకుండానే చచ్చిపోయిన ఆ కుర్రాడు కూడా ఈ కథలో వీరుడే. ఈ ఘట్టం పాడిన పెద్దాయన ఒకసారి మధ్యలో ఆపేసి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, మంచినీళ్లు తాగి, మళ్లీ అందుకున్నాడు. ఎన్ని వందలసార్లు పాడుంటాడో ఆ కథని.

కళ్లిపాడు రోజు ఆయుధాలన్నీ యుద్ధం జరిగిందనుకునే చోటికి చేరతాయి. ఆ రోజు జనం విపరీతంగా ఉంటారు, తొక్కిసలాటలా ఉంటుంది, చిన్నపిల్లల్ని తీసుకెళ్తే జాగ్రత్త. పరుగులు, కేకలు, పంబల మోత. చివరికి ఒక్కొక్కరే ఒరగడం. కథలో అయితే అటూ ఇటూ దాదాపు ఎవరూ మిగలరు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు, పిడుగురాళ్ల దగ్గర ఆ గుహ ఇప్పటికీ ఉంది, జనం వెళ్తుంటారు. నలగాముడికి రాజ్యం మిగిలింది, ఏలుకోవడానికి మనుషులు మిగల్లేదు. కాకతీయ రుద్రదేవుడు నలగాముడికి సాయంగా సేన పంపాడని చరిత్రకారులు రాశారు, తర్వాత కొన్నాళ్లకి పల్నాడు కాకతీయుల చేతికే పోయింది. అన్నదమ్ములు కొట్టుకుంటే పొలం ఎవరికి పోద్దో మన ఊళ్లల్లో ఎవరినడిగినా చెప్తారు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో తొడకొట్టడానికి ఏముంది?

మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటిష్‌వాళ్లు మన దేశంలో చాలా ఊళ్లల్లో ఒక రాతిపలక పెట్టించారు. 1914 నుంచి 1919 దాకా జరిగిన మహాయుద్ధానికి ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్లారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు, అని ఇంగ్లిష్‌లో. అంతే ఉంటుంది. నంబర్లే. పేర్లుండవు. ఇరాక్‌లో బస్రా దగ్గర ఉన్న పెద్ద స్మారకంలో కూడా ఆఫీసర్ల పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిల దగ్గరికొచ్చేసరికి ఇంకా ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. మెసపొటేమియాకి వెళ్లిన మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజినీరింగ్ దళంలో మన తెలుగువాళ్లు ఉన్నారు, ఆ అంకెల్లో వాళ్లెందరో. ఇలాంటి స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్లే 2021లో రిపోర్టు వేసి, అందర్నీ సమానంగా చూడలేదని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. వందేళ్లు పట్టింది వాళ్లకి. అంత పెద్ద సామ్రాజ్యానికి, అన్ని దస్తావేజులున్నవాళ్లకి చేతకానిది కారంపూడిలో చదువు రాని మనుషులు చేసి చూపించారు. మంద కాసే లంకన్న పేరు పోలేదు, చాకలి పేరు పోలేదు. రోజుకొకరిని పేరు పెట్టి పిలిచి, కథ చెప్పి, అన్నం పెట్టి, ఏడ్చి పంపిస్తున్నారు.

నాకు దిగులు దీని గురించే. పేర్లు రాళ్ల మీద లేవు, గొంతుల్లో ఉన్నాయి. నాలాంటివాడు వెళ్తే ఏ రాయి ఎవరిదో తెలియదు, ఎవరో ఒకరు చెప్పాలి. 1970ల్లో జీన్ రోగైర్ అనే అమెరికన్ వచ్చి పల్నాట్లో ఉండి, ఆలిసెట్టి గాలెయ్య గారు పాడిన కథ మొత్తం రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లిష్‌లో పుస్తకం వేశాడు. ఎక్కడ్నుంచో వచ్చిన మనిషి అంత శ్రద్ధ పెట్టాడు, పాడిన మనిషి పేరు కూడా నిలబెట్టాడు. మనం ఏం చేస్తున్నాం? పాడేవాళ్లలో ఇప్పుడు నాకు కనబడేది ఎక్కువగా పెద్ద వయసువాళ్లే. వాళ్ల పిల్లలు సున్నం బట్టీల్లోకి, ఆటోల్లోకి, హైదరాబాద్‌కి వెళ్లిపోయారు, వెళ్లాలి కూడా, ఐదు రోజుల పాటతో ఏడాదంతా ఇల్లు గడవదు. ఒకాయన్ని అడిగితే, "మా వోడికి సగం కథ వొచ్చు, మిగతా సగం నేర్పుదామంటే వోడికి సెలవు దొరకదు" అన్నాడు. ఫ్లెక్సీలకి, బాణసంచాకి, డీజేలకి ఖర్చుపెట్టే డబ్బులో పదో వంతు వీళ్లకి నెలనెలా ఇస్తే ఒక పది మంది కుర్రాళ్లు కూర్చుని నేర్చుకుంటారు. ఇది పెద్ద లెక్కేం కాదు, ఊళ్లల్లో గుడి కమిటీలు తల్చుకుంటే అయిపోయే పని. పల్నాడు నుంచి బయటికెళ్లి బాగా స్థిరపడినవాళ్లు అమెరికాలో ఉన్నారు, హైదరాబాద్‌లో ఉన్నారు, ఊళ్లో గుడికి గ్రానైట్ వేయించడానికి లక్షలు పంపుతారు. అందులో కొంచెం గొంతులకి పంపండి అని నా మనవి.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. పిడుగురాళ్ల నుంచి, నరసరావుపేట నుంచి, మాచర్ల నుంచి బస్సులుంటాయి, తిరునాళ్లకి ఇంకా ఎక్కువ వేస్తారు. ఒక్కరోజే కుదిరేటట్టయితే అందరూ కళ్లిపాడుకి వెళ్తారు, నేనైతే మందపోరుకి వెళ్లమంటాను, పొద్దున్నే వెళ్లి చాపకూడు తిని, రాత్రికి ఉండిపోండి. చలిగా ఉంటుంది, దుప్పటి పట్టుకెళ్లండి. ఊళ్లోనే అంకాలమ్మ గుడి, చెన్నకేశవుడి గుడి కూడా ఉన్నాయి, చూసి రండి. ఎవరి చేతిలోనైనా కొణతం కనబడితే ఫొటో తీసే ముందు ఒక మాట అడగండి, వాళ్లకది ఇంట్లో మనిషితో సమానం. కథ వినేటప్పుడు మధ్యలో లేచిపోవద్దు. అయిపోయాక పాడినాయన దగ్గరికి వెళ్లి చేతిలో డబ్బులు పెట్టండి, హుండీలో కాదు, ఆయన చేతిలో. ఆయన పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అడిగి రాసుకోండి. ఫోన్‌లో రికార్డు చేసుంటే, ఆయన సరేనంటేనే, ఆ ఆడియో నాకూ పంపండి. నా దగ్గర ఇప్పటికే అనపోతు ఘట్టం, రాయబారం కొంత ఉన్నాయి, లంకన్నది సరైన రికార్డింగ్ ఇంకా దొరకలేదు.